ప్లగ్ కొన ఎంత వేడెక్కాలి?

కాలిఫోర్నియా రాష్ట్రం ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో, ఇంపీరియల్ ఇసుక తిన్నెలు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి. బండ్లు నడిపేవాళ్లు ఆ ప్రాంతమంతటినీ గ్లామిస్ అనే పిలుస్తారు. వేసవిలో అక్కడ మనిషి నిలవలేడు. ఎండ తగ్గిన అక్టోబరులో మొదలై ఏప్రిల్ దాకా జనం వస్తూనే ఉంటారు. వాళ్లు తెచ్చుకునే బండ్లలో ఏటీవీలూ ఉంటాయి. నాలుగు లావుపాటి టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, కాళ్లు రెండు వైపులా వేసి కూర్చునే సీటు, మధ్యలో ఇంజిన్. ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు ఆ ఇంజిన్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండదు. తారు రోడ్డు మీద యాక్సిలరేటర్ కాస్త వదిలినా బండి తన జోరుతో సాగిపోతుంది. ఇసుకలో వదిలామా, వెనక చక్రాలు దిగబడతాయి. అందుకే దిబ్బ అడుగున పూర్తిగా నొక్కిన యాక్సిలరేటర్‌ను శిఖరం దాకా అలాగే పట్టి ఉంచాలి. స్పార్క్ ప్లగ్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష రోడ్డు మీద దొరకదు.

ఆ తిన్నెల్లో టూ స్ట్రోక్ బండి అనగానే మొదట తలుచుకునే పేరు యమహా బన్షీ. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. పక్కపక్కనే రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక కార్బరేటర్, నీటితో చల్లబడే ఏర్పాటు, ఆరు గేర్లు. సిలిండర్ వ్యాసం 64 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 54 మిల్లీమీటర్లు, రెండూ కలిపి 347 సీసీ. ఈ అంకెలు మన దేశంలో పాత బండ్ల మోజు ఉన్నవాళ్లకు కొత్త కాదు. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ మన రోడ్ల మీదికి తెచ్చిన రాజ్‌దూత్ 350 కొలతలు కూడా సరిగ్గా ఇవే. రాజ్‌దూత్ గాలితో చల్లబడేది, బన్షీ నీటితో చల్లబడేది. రెండూ యమహా ఆర్‌డీ వంశంలోవే. కాబట్టి ఎక్కడో కాలిఫోర్నియా ఇసుకలో తిరిగే బండి గురించి చెబుతున్నట్టున్నా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షెడ్డులో టూ స్ట్రోక్ ఇంజిన్ విప్పి కూర్చున్న మెకానిక్కుకు ఈ అధ్యాయంలోని భౌతికశాస్త్రం యథాతథంగా పనికొస్తుంది.

బన్షీకి కంపెనీ చెప్పిన ప్లగ్ ఎన్‌జీకే బీఆర్8ఈఎస్. బండిలో ఏ మార్పూ చేయకుండా వాడుకునేవాడు ఆ పేరు దుకాణంలో చెబితే చాలు. ఇంజిన్‌లో మార్పులు చేశాక మాత్రం ఆ పేరులోని ఒక్కో అక్షరం ఏం చెబుతోందో తెలిసి ఉండాలి. 'బీ' అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. 'ఆర్' అంటే లోపల సుమారు 5,000 ఓమ్‌ల నిరోధకం ఉందని. అది రేడియోలకూ ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్స్‌కూ అంతరాయం కలగకుండా చూస్తుంది. 'ఈ' అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 'ఎస్' మామూలు లావు రాగి గర్భపు ఎలక్ట్రోడ్. మధ్యలో ఉన్న 8 అంకెను హీట్ రేంజ్ అంటారు. తగాదాలన్నీ దాని చుట్టూనే.

ఆ అంకె రవ్వ ఎంత వేడిగా ఉంటుందో చెప్పదు. ఇంజిన్‌ను ఎంత చల్లబరుస్తుందో కూడా చెప్పదు. ప్లగ్ తన కొనకు తగిలిన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెబుతుంది, అంతే. మంట వేడి మధ్య ఎలక్ట్రోడ్‌కూ, దాన్ని చుట్టిన పింగాణీ ముక్కుకూ తగులుతుంది. ఆ పింగాణీ నిజానికి అల్యూమినా. కరెంటును ఆపుతూనే వేడిని బాగా పోనిచ్చే అరుదైన గుణం దానికి ఉంది. ముక్కుకు తగిలిన వేడిలో అధికభాగం పింగాణీ వెంట పైకి పాకి, అది ఇనుప ఒంటికి ఆనుకున్న చోట దాటి, మరల గుండా సిలిండర్ హెడ్‌లోకి, అక్కడి నుంచి నీళ్లలోకి చేరుతుంది. కొంత వేడిని లోపలికొచ్చే తాజా మిశ్రమం పట్టుకుపోతుంది. కాడ పొడుగు గరిటెను మరిగే నూనెలో ముంచితే చేతి దగ్గరికి వేడి రావడానికి ఎంతో సేపు పడుతుంది, పొట్టి కాడ అయితే వెంటనే చురుక్కుమంటుంది. పింగాణీ ముక్కు సంగతీ అంతే. ముక్కు పొడవైతే వేడి దూరం నడవాలి, కొన వేడిగానే ఉండిపోతుంది. దాన్ని హాట్ ప్లగ్ అంటారు. ముక్కు పొట్టిదైతే వేడి చప్పున దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్. ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్ అవుతుంది. ఒక్కో మెట్టుకు కొన ఉష్ణోగ్రత 70 నుంచి 100 డిగ్రీల దాకా మారుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఈ అంకెల వరుస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. డెన్సో కూడా ఎన్‌జీకే దిశలోనే పోతుంది. దాని 24 మన 8కి, 27 మన 9కి దగ్గర. బాష్, ఛాంపియన్ కంపెనీల లెక్క తలకిందులు, అంకె పెరిగితే హాట్. ఒక కంపెనీ ప్లగ్ తీసి మరో కంపెనీది వేస్తూ 'ఒక మెట్టు కోల్డ్' అనుకుని ఒక మెట్టు హాట్ బిగించిన ఇంజిన్‌కు దిబ్బ మీద ఏం జరుగుతుందో కింద చెబుతాను.

కొన ఎంత వేడిగా ఉండాలి? సుమారు 450 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. అంతకు తగ్గితే మీద పడిన మసి కాలిపోదు, పేరుకుంటుంది. మసి కార్బన్, కరెంటును పోనిస్తుంది. కాయిల్ పంపిన వోల్టేజి గ్యాప్ దూకే బదులు ఆ మసి దారిన ఇనుప ఒంటికి జారిపోతుంది. రవ్వ పుట్టదు, మెకానిక్కు ప్లగ్ పోయిందంటాడు. పైన 850 డిగ్రీలు దాటి ఇంకా పోతే కొన తానే నిప్పుకణికై, రవ్వ పడకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య సుమారు 400 డిగ్రీల వెడల్పు ఉంది. మెల్లగా నడిచినా, దిబ్బ మీద గర్జించినా కొన ఆ వెడల్పులోనే ఉండాలి. ప్లగ్ ఎంపిక అంటే నా దృష్టిలో ఇదొక్కటే ప్రశ్న. తక్కినవన్నీ దానికి అనుబంధాలు.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆ వెడల్పులో నిలవడం రెండు వైపుల నుంచీ కష్టం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి కాలుస్తుంది, మిగతా చుట్టులో పొగను బయటికి నెట్టి చల్లటి మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ కాలుస్తుంది. నిమిషానికి 9,000 చుట్ల మీద సెకనుకు 150 మంటలు. ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య ప్లగ్‌కు దొరికే వ్యవధి ఏడు మిల్లీసెకన్లు కూడా లేదు. మామూలు కారు ఇంజిన్లలో ఎన్‌జీకే 5, 6 అంకెలు నడుస్తుంటే, బన్షీ లాంటి టూ స్ట్రోక్‌లలో 8, 9 కనిపించడానికి ఇది ముఖ్యకారణం. రెండో వైపు నుంచి నూనె. టూ స్ట్రోక్‌లో క్రాంక్ బేరింగులకూ పిస్టన్‌కూ ఇంజిన్ అడుగున చమురు తొట్టి లేదు. పెట్రోలుతో కలిసి వచ్చే టూటీ ఆయిలే వాటిని తడిపి, తర్వాత మంటలోకి పోతుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి గుడారాల మధ్య మెల్లగా తిరిగేటప్పుడు ఆ నూనె సరిగా కాలదు, ప్లగ్ ముక్కు మీద తడిగా పేరుకుంటుంది. అదే బండి పది నిమిషాల్లో దిబ్బ ఎక్కుతుంది. ఉదయం తడిసిపోతుందేమోనన్న భయం, మధ్యాహ్నం కరిగిపోతుందేమోనన్న భయం, రెండూ ఒకే ప్లగ్‌కు.

ఇప్పుడు మార్పుల సంగతి. బన్షీని కొన్నవాడు మొట్టమొదట మార్చేది సైలెన్సర్లను. కంపెనీ సైలెన్సర్లు తీసేసి, మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు బిగిస్తాడు. ఆ ఉబ్బు వెనక ఉన్నంత కథ టూ స్ట్రోక్ చరిత్రలో మరే భాగానికీ లేదనిపిస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ రేసు విభాగాన్ని నడిపిన వాల్టర్ కాడెన్, పొగగొట్టంలో అటూ ఇటూ పరిగెత్తే ఒత్తిడి తరంగాలతో పని చేయించుకోవడాన్ని 1950లలో ఒక శాస్త్రంగా తీర్చిదిద్దాడు. గొట్టం విప్పారే చోట తిరిగొచ్చే తరంగం సిలిండర్‌లోని పాత పొగను లాగేస్తుంది, తాజా మిశ్రమం వెంట పరుగెత్తుకొస్తుంది. గొట్టం ముడుచుకునే చోట కొట్టుకుని వచ్చే తరంగం, బయటికి జారిపోయిన ఆ మిశ్రమాన్ని సిలిండర్ గోడలోని రేవు (పోర్ట్) మూసుకునే లోపు తిరిగి లోపలికి నెడుతుంది. వాల్వు లేదు, కదిలే భాగం లేదు, రేకు ఆకారమొక్కటే. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 అశ్వశక్తి ఇచ్చింది, అంటే లీటరుకు 200. ఆ ఏడు సెప్టెంబరులో స్వీడిష్ గ్రాండ్ ప్రీ సమయంలో ఎంజెడ్ రేసర్ ఎర్న్‌స్ట్ డేగ్నర్ తూర్పు జర్మనీ విడిచి పారిపోయాడు. కాడెన్ దగ్గర నేర్చిన విద్యతో తర్వాత సుజుకీలో చేరాడు. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది, నడిపింది డేగ్నరే. ఆ జ్ఞానం జపాను చేరాక అక్కడి టూ స్ట్రోక్‌లు దాని మీద పెరిగాయి.

ప్లగ్ వైపు నుంచి చూస్తే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ చేసే పని సూటిగా ఉంటుంది. ప్రతి మంటలో కాలే మిశ్రమం పెరుగుతుంది, సెకనుకు మంటల సంఖ్యా పెరుగుతుంది. రెండూ కొన ఉష్ణోగ్రతను పైకి నెడతాయి. హెడ్‌ను మిల్లింగ్ చేసి కంప్రెషన్ పెంచితే మంట మొదలయ్యేటప్పటికే మిశ్రమం మరింత వేడిగా ఉంటుంది. స్టేటర్ ప్లేటును తిప్పి ఇగ్నిషన్ టైమింగ్ నాలుగు డిగ్రీలు ముందుకు జరిపితే వేడి హెడ్‌లో, పిస్టన్ మీద ఎక్కువసేపు నిలుస్తుంది. వెనక్కి జరిపితే అదే వేడి సైలెన్సర్‌లోకి పోతుంది. ఇవన్నీ ప్లగ్‌కు సంబంధించిన మార్పులు. క్లచ్ స్ప్రింగులు గట్టివి వేసినా, చెయిన్ స్ప్రాకెట్ మార్చినా, టైర్లు మార్చినా ప్లగ్ కొనకు నేరుగా తెలిసేదేమీ లేదు. ఇసుక మీద పట్టు దొరికే తెడ్డు టైర్లు మాత్రం ఇంజిన్ మీద బరువు పెంచుతాయి, అది గమనించాలి.

సైలెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్, వాటికి తగ్గట్టు కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్లు, ఇంతవరకే మార్చిన బన్షీకి నేనైతే 8నే ఉంచుతాను. దాంతో మొదలుపెట్టి, తీసి చూసి, అవసరమైతేనే మారుస్తాను. హెడ్ కోయించి, రేవులు తొలిపించి, టైమింగ్ ముందుకు జరిపి, ఆపైన రోజంతా దిబ్బల మీదే తిరిగే ఇంజిన్‌కు 9 న్యాయం. మెథనాల్ పోసి డ్రాగ్ పందేలకు దింపేవాళ్ల సంగతి వేరు. మెథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఇంజిన్‌ను చల్లబరిచే మాట నిజమే కానీ, వేడి ముక్క తగిలితే పెట్రోలు కన్నా తేలిగ్గా అంటుకునే గుణం కూడా దానికుంది. అందుకని అక్కడ ఇంకా కోల్డ్ వైపు పోతారు. అదే 9 వేసిన బండిని అడవి దారుల్లో మెల్లగా నడిపే వారం వస్తే 8 తిరిగి వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. బండి పేరుకు కాక, ఆ రోజు దాన్ని నడిపే తీరుకు ప్లగ్ వేయాలి.

ఇక్కడే ఒక అపోహ ఎన్నో మంచి ఇంజిన్లను బలి తీసుకుంటోంది. పిస్టన్ పట్టేసిన, పిస్టన్‌కు బొక్క పడిన ఇంజిన్‌ను మళ్లీ కూర్చినవాడు 'ఈసారి కోల్డ్ ప్లగ్ వేస్తే చాలు, బతుకుతుంది' అనుకుంటాడు. ఆ ఆశ ఎందుకు తప్పో తెలియాలంటే రెండు ప్రమాదాలను విడదీసి చూడాలి. మొదటిది ముందస్తు మంట. నిప్పుకణికలా మారిన ఏదో ముక్క, తరచుగా ప్లగ్ కొనే, రవ్వ కన్నా ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అప్పటికి పిస్టన్ ఇంకా పైకి వస్తూనే ఉంటుంది. మండుతున్న వాయువును అది నొక్కాలి. దాంతో వేడి పెరుగుతుంది, కొన ఇంకా కాలుతుంది, తర్వాతి చుట్టులో మంట మరింత ముందే లేస్తుంది. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, పిస్టన్ మిశ్రలోహం అంతకన్నా ముందే మెత్తబడుతుంది. కొన్ని సెకన్లు చాలు, పిస్టన్ నడినెత్తిన రంధ్రం పడుతుంది. రెండోది డెటొనేషన్. ఇక్కడ రవ్వ సరైన సమయానికే పడింది, మంట సజావుగానే బయల్దేరింది. అయితే అది చేరేలోపు మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక ఒక్కసారిగా పేలుతుంది. కంప్రెషన్ మితిమీరడం, టైమింగ్ మరీ ముందుకు పోవడం, పెట్రోలు ఆక్టేన్ చాలకపోవడం, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమం, ఇవి దాని కారణాలు. పిస్టన్ అంచుల్లో ఇసుకతో గీకినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి, ప్లగ్ పింగాణీ మీద అల్యూమినియం చుక్కలు మెరుస్తాయి.

మొదటిదానికి మూలం ప్లగ్ కొన అయితే కోల్డ్ ప్లగ్ దాన్ని ఆపుతుంది. రెండోదానికి కోల్డ్ ప్లగ్ మందు కాదు. ప్లగ్ తన కొన వేడినే తోడేస్తుంది, సిలిండర్ మూలన నిలిచిన వాయువును చల్లబరచలేదు. జెట్ చిన్నదై పెట్రోలు చాలక ఎండిపోతున్న ఇంజిన్‌లో 9 వేస్తే కొన కరగదు, పిస్టన్ కరుగుతుంది. అందుకే వరుస తప్పకూడదు. ముందు గాలి లీకులు లేవని తేల్చుకోవాలి. తర్వాత జెట్లు సరిచేయాలి. టైమింగ్, ఆక్టేన్ చూసుకోవాలి. ఆ తర్వాతే హీట్ రేంజ్.

జెట్ సరిపోయిందో లేదో చెప్పే సాక్షి కూడా ప్లగ్గే, చదవడం తెలిస్తే. కొత్త ప్లగ్ బిగించి, వేడెక్కిన ఇంజిన్‌ను పై గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో కాసేపు లాగించి, అదే జోరులో స్విచ్చి ఆపి, క్లచ్ పట్టి, బండిని దొర్లించి నిలపాలి. మెల్లగా నడుపుకుంటూ వచ్చి చూసిన ప్లగ్ ఆ ఆఖరి నడక సంగతే చెబుతుంది. ముక్కు కొన కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టని తరాలుగా చెప్పుకుంటున్నారు. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఆ మాట బాగా పనిచేసింది. నేటి పెట్రోలు కొన మీద అంత రంగు వదలదు, టూటీ ఆయిల్ తన రంగు తాను పులుముతుంది. చూడాల్సింది లోపల, పింగాణీ ఇనుప ఒంటిలోకి దిగిపోయే అడుగున. అక్కడ సన్నటి పొగ ఉంగరం ఉంటే మెయిన్ జెట్ దారిలో ఉన్నట్టు. ఉంగరం అసలు లేకుంటే పెట్రోలు చాలడం లేదు, లావుగా పైకి ఎగబాకితే ఎక్కువైంది. హీట్ రేంజ్ సంగతి వంపు ఎలక్ట్రోడ్ చెబుతుంది. వేడికి రంగు మారిన గీత దాని మీద వంపు దగ్గర ఆగితే సరిపోయింది. కొన దగ్గరే ఆగితే ప్లగ్ కోల్డ్ అయింది. వంపు దాటి అడుగున మర దాకా పాకితే హాట్ అయింది. లెన్సు పట్టుకుని వెలుతురులో చూడాలి.

బన్షీలో ఇంకో అదృష్టం ఉంది. రెండు సిలిండర్లు, రెండు ప్లగ్‌లు, రెండూ ఒకే దారిన నడిచినవి. రెండూ ఒకేలా ఉంటే జెట్ల గురించి ఆలోచించవచ్చు. ఒకటి గోధుమ రంగులో, మరొకటి తెల్లగా పాలిపోయి వస్తే ప్లగ్ అంకె గురించి మాట్లాడడం వృథా. తెల్లబడిన వైపు క్రాంక్ సీలో, ఇన్‌టేక్ రబ్బరో గాలి పీలుస్తోందని అర్థం. రేవులు మూసి, కొద్దిపాటి గాలి ఒత్తిడి పెట్టి, అది నిలుస్తుందో దిగుతుందో గేజ్ మీద చూడాలి. చలికాలపు గ్లామిస్‌లో తెల్లవారుజామున గాలి చిక్కగా ఉంటుంది, మధ్యాహ్నం పలచబడుతుంది. కొండ ప్రాంతంలో సరిచేసిన జెట్లతో సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఆ తిన్నెలకు దిగివస్తే ఇంజిన్ ఎండిపోతుంది. ఆ మార్పులకు మార్చాల్సింది జెట్టునే.

గ్యాప్ విషయంలో 1889లో ఫ్రీడ్రిష్ పాషెన్ కనిపెట్టిన సూత్రం నేటికీ షెడ్డులో పనిచేస్తోంది. రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, వాటి మధ్య దూరమూ వాయువు ఒత్తిడీ కలిసిన లబ్ధం మీద ఆధారపడుతుంది. కంప్రెషన్ పెంచామంటే ఒత్తిడి పెంచినట్టు. కాయిల్ మాత్రం పాతదే. రవ్వ దూకాలంటే దూరం తగ్గించాలి. బన్షీ అసలు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కంప్రెషన్ పెంచిన ఇంజిన్లలో 0.6 చుట్టుపక్కలకు తెస్తారు. గేర్లన్నీ బాగా లాగి, చివర పూర్తి బరువు మీద మాత్రం తప్పుతూ తడబడే ఇంజిన్‌కు చాలాసార్లు ఈ చిన్న సర్దుబాటుతో తెరిపి వస్తుంది. ఇరీడియం ప్లగ్‌ల సన్నటి కొన దగ్గర విద్యుత్ క్షేత్రం తీవ్రంగా ఉంటుంది, కాబట్టి తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. 2,446 డిగ్రీల దాకా ఇరీడియం కరగదు కూడా. ఆ సుగుణాలు నిజమే. అయినా జెట్లు ఇంకా కుదరని ఇంజిన్‌లో, నూనె తడికి ఎప్పుడు పోతుందో తెలియని చోట, ఖరీదైన ప్లగ్ వేయడం డబ్బు పారేయడమే. అన్నీ కుదిరాక మోజు తీర్చుకోవచ్చు.

మర పొడవు మాత్రం ఎవరి ఇష్టానికీ వదలకూడదు. 19 మిల్లీమీటర్ల హెడ్‌లో 12.7 మిల్లీమీటర్ల ప్లగ్ వేస్తే రవ్వ గుంటలో పడుతుంది, ఖాళీ మరల్లో మసి చేరి కణకణలాడుతుంది. 12.7 హెడ్‌లో 19 వేస్తే ప్లగ్ పిస్టన్‌ను ముద్దాడుతుంది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చే రకాల పేర్లలో 'పీ' ఉంటుంది. హెడ్ కోయించి డోమ్ లోతు తగ్గించిన ఇంజిన్‌లో వాటిని కొలవకుండా వాడకూడదు.

అమెరికాలో వినోద వాహనాల పొగ మీద నియమాలు 2006 నుంచి అమల్లోకి వచ్చాయి. బన్షీ అమ్మకం అక్కడ ఆగిందీ ఆ ఏడే. కాలని పెట్రోలునూ నూనెనూ గాలిలోకి వదిలే టూ స్ట్రోక్ మీద ఆ అభ్యంతరం న్యాయమైనదే. కొత్త బండ్లు రావు గనుక కంపెనీ బిగించిన సిలిండర్లు, క్రాంకులు అపురూపం. ఒక్కో బోరింగ్‌తో సిలిండర్ గోడ పలచబడుతుంది, పిస్టన్ సైజు పెరుగుతుంది. అలా పెంచుకుంటూ పోవడానికి ఒక హద్దుంది. కొద్దిపాటి ఖరీదు చేసే ప్లగ్‌ను చదవకుండా పారేసి, ఆ తర్వాత సిలిండర్ పోగొట్టుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

చివరికి బిగించడం. ప్లగ్ మెడలో ఉన్న ఉంగరం లాంటి వాషర్ కంప్రెషన్‌ను ఆపడానికే కాదు, వేడి హెడ్‌లోకి దిగే దారుల్లో అదీ ఒకటి. చల్లటి ఇంజిన్‌లో, మరలు తుడిచి, చేత్తో తిరిగినంత వరకు తిప్పాలి. కొత్త ప్లగ్ అయితే ఆపైన స్పానర్‌తో సుమారు అర చుట్టు, వాషర్ నలిగి కూర్చునేంత. టార్క్ రెంచి ఉంటే అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఒకసారి వాడి తీసిన ప్లగ్‌కు వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు. వదులుగా కూర్చున్న 9, వేడి దిగే దారి తెగి, దిబ్బ సగం ఎక్కేసరికి 7లా ప్రవర్తిస్తుంది.